రెండేళ్లు మంచి వార్తలు వెతికాక: ఏది నిలిచింది, ఏది తేలిపోయింది

మాది కావలి. ట్రంకు రోడ్డుకు కాస్త లోపలగా చిన్న మందుల షాపు. పొద్దున ఎనిమిదికి షట్టరు ఎత్తితే పది దాటితే గానీ బేరాలు రావు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఈగలు తోలుకోవడమే. ఆ ఖాళీ అంతా ఫోనుకే పోయేది.

2023 డిసెంబర్ మొదటి వారం, మిచాంగ్ తుపాను. కరెంటు లేదు. ఇంట్లో అమ్మా నేనూ, చార్జింగ్ అయిపోవస్తున్న ఫోనూ. గ్రూపులో ఎవరో 'నెల్లూరులో ఇప్పుడే' అంటూ ఒక వీడియో పెట్టారు. వంతెన మీద బస్సు కొట్టుకుపోతోంది. మా చెల్లెలు ఉండేది నెల్లూరులోనే. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. గంట తర్వాత చెల్లెలి ఫోను కలిసింది. వాళ్లు ఇంట్లో పకోడీలు వేసుకుని తింటున్నారు. తర్వాత నిదానంగా చూస్తే ఆ బస్సు మీద ఉన్న అక్షరాలు తెలుగే కాదు. అది ముందే గమనించి ఉండాల్సింది నేను.

తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి వెళ్లిపోయింది. ఆ గంట మాత్రం నన్ను వదల్లేదు. రోజుకొక్క మంచి వార్త, అదీ నిజమైనది, ఫోనులోనే వెతికి రాత్రి అన్నం దగ్గర అమ్మకు చెప్పాలని పెట్టుకున్నా. రెండేళ్లు దాటింది. మధ్యలో మానేసిన వారాలు కూడా ఉన్నాయి, అబద్ధం ఎందుకు. ఈ కాలంలో నేను వాడి చూసినవాటి గురించే ఇది.

మొదట ఫోనుకు బుద్ధి చెబుదామనుకున్నా. వీడియోల యాప్‌లో పాత హిస్టరీ చెరిపేశా. యాక్సిడెంటు, హత్య, తిట్ల డిబేటు కనబడిన ప్రతిసారీ 'ఆసక్తి లేదు' నొక్కా. పది రోజులు అంతా వంటలు, రొయ్యల గుంటలు, గుళ్లు. తర్వాత షాపుకొచ్చిన కుర్రాడొకడు నా ఫోనులో ఏదో గొడవ వీడియో చూపించాడు, ఒక్కటంటే ఒక్కటి. సాయంత్రానికి కథ మళ్లీ మొదటికొచ్చింది. చెరువులో గుర్రపుడెక్క తీసినట్టే ఇది, తీస్తానే ఉండాలి.

ఎందుకిట్లా అని వెతికితే 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన కనబడింది. అప్‌వర్తీ అనే అమెరికా సైటు ఒకే వార్తకు రకరకాల హెడ్డింగులు పెట్టి, జనం దేన్ని నొక్కుతారో చూసుకునేదట. అలాంటి లక్షకు పైగా హెడ్డింగులను లెక్కగడితే, చెడు మాట ఒక్కటి ఎక్కువైనప్పుడల్లా నొక్కడం సగటున 2.3 శాతం పెరిగిందని తేలింది. తమాషా ఏమంటే, ఆ సైటు పెట్టిందే మంచి కబుర్లు పంచడానికి!

ఇక మంచి వార్తలకే పెట్టిన సైట్లు. గుడ్ న్యూస్ నెట్‌వర్క్ 1997 నుంచి ఉంది. బ్రిటన్‌లో పాజిటివ్ న్యూస్ 1993లో అచ్చు పత్రికగా మొదలైంది. మన దేశంలో ది బెటర్ ఇండియా 2009లో వచ్చింది. మూడూ నెలల తరబడి చదివా. నాకు ఎక్కువగా పనికొచ్చింది ది బెటర్ ఇండియా, ఎందుకంటే అందులో మనుషులు మనలాంటివాళ్లు. చెరువు పూడిక తీసిన ఊరు, బడి నిలబెట్టిన పంతులు, ఇట్లాంటివి అమ్మకు చెబితే ఇట్టే ఎక్కుతాయి. అన్నీ ఇంగ్లీషులో ఉండడమే ఇబ్బంది. బ్రౌజరు చేసే తెలుగు తర్జుమాతో లాక్కొచ్చా, కొన్నిసార్లు మందు చీటీ మీద డాక్టరు చేతిరాత చదివినట్టే ఉంటుంది.

ఇవి కాక పుట్టగొడుగుల్లాంటి పేజీలు బోలెడు. తప్పిపోయిన కుక్క ఇల్లు చేరింది, కోటీశ్వరుడు వెయిటరుకు టిప్పు ఇచ్చాడు. ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే జవాబు ఉండదు. చక్కెర ఎక్కువైన టీ లాంటివి, తాగిన కాసేపటికి మళ్లీ దాహమేస్తుంది. రెండు నెలల్లో అన్నీ వదిలేశా.

మంచి వార్తల్లోనూ దొంగవి ఉంటాయని మా షాపు గ్రూపు నేర్పింది. పక్కషాపులవాళ్లం పన్నెండుమందిమి 'రోజుకొక్కటే' అని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఊరూ తేదీ లేకుండా ఏదీ పెట్టకూడదని నియమం. మూడో రోజే ఒకాయన 'యునెస్కో మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదని ప్రకటించింది' అని పెట్టాడు. ఏళ్ల తరబడి తిరుగుతున్న పుకారది. అబద్ధమని చెబితే ఆయనకు కోపం. "మంచిదేగా బ్బా, నీకేం నష్టం?" అన్నాడు. నెల తిరిగేసరికి గ్రూపు నిండా గులాబీలూ శుభోదయాలూ. గ్రూపు ఇంకా ఉంది, నేను మ్యూట్‌లో పెట్టుకున్నా.

అక్కణ్నుంచి నా దారి మారింది. తియ్యటి కబుర్లు మానేసి లెక్కలు వెతకడం మొదలుపెట్టా. అవర్ వరల్డ్ ఇన్ డేటా అని ఒక సైటు ఉంది, ఆక్స్‌ఫర్డ్‌తో కలిసి పనిచేసేవాళ్లది. డబ్బు కట్టక్కర్లేదు. గ్రాఫులు చూడగానే నిద్రొస్తుంది, నిజమే. కానీ ఒక గీత చూసి మాత్రం ఉలిక్కిపడ్డా. మన దేశంలో పుట్టిన వెయ్యిమంది పిల్లల్లో ఐదేళ్లు నిండకముందే పోయేవాళ్లు 1990లో 120 మందికి పైనే. ఇప్పుడు 30 దరిదాపుల్లో ఉంది. టీకాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఆస్పత్రి కాన్పులు. ఆ పొట్లాలు ఇరవై ఏళ్లుగా నా చేత్తోనే అమ్ముతున్నా, ఆ గీత ఎప్పుడూ చూడలేదు.

2024 అక్టోబర్‌లో ఇంకొకటి. మన దేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కంటి రెప్ప లోపలికి తిరిగి, వెంట్రుకలు నల్లగుడ్డును గీకీ గీకీ చూపు తీసేసే జబ్బు. 1950లు, 60లలో మన దగ్గర గుడ్డితనానికి పెద్ద కారణాల్లో ఒకటి. ఆ వారమంతా నా ఫోనులో మోగిన నోటిఫికేషన్లలో ఈ కబురు ఒక్కసారీ రాలేదు. నేను వెతికితే దొరికింది.

అన్నిటికంటే అమ్మకు పట్టింది మాత్రం నారికురుపు. కాలిలోంచి రెండు మూరల పురుగు బయటికొచ్చే జబ్బు, దిగుడుబావి నీళ్లతో వచ్చేది. నేను పుస్తకంలో తప్ప చూడలేదు. అమ్మ చిన్నప్పుడు పెద్దవాళ్ల నోట విన్నదట. ఆ పురుగును పుల్లకు చుట్టి రోజుకు కాస్త లాగేవాళ్లని చెప్పింది. మన దేశానికి 2000లో దాని పీడ వదిలిందని సర్టిఫికెట్ వచ్చింది. 2024 డిసెంబర్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చనిపోయినప్పుడు దాని సంగతి మళ్లీ బయటికొచ్చింది. ఆయన పెట్టిన కార్టర్ సెంటర్ 1986లో దాని వెంటపడినప్పుడు ప్రపంచంలో ఏడాదికి 35 లక్షల మందికి ఉండేదట. 2024లో 15 మందికి. మందుల షాపువాడిగా నాకు వింతగా అనిపించిందేమంటే, ఈ జబ్బుకు మందు లేదు, టీకా లేదు. నీళ్లు సన్నటి గుడ్డతో వడకట్టుకోవడం, కురుపున్నవాళ్లను చెరువులో దిగనీయకపోవడం, ఊరూరా తిరిగి అదే మాట మళ్లీ మళ్లీ చెప్పడం. అంతే.

మన జిల్లాల కబుర్లూ వెతికా. ఒంగోలు ఆవు బ్రెజిల్‌లో 40 కోట్లకు అమ్ముడుపోయిందని ఒక మెసేజీ ఊరంతా తిరిగింది. చూస్తే విషయం ఉంది, కాకపోతే మలుపుంది. 2023లో వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా మాత్రమే సుమారు 14 లక్షల డాలర్లకు పోయింది. దాన్నిబట్టి ఆవు మొత్తానికి 43 లక్షల డాలర్లని కట్టారు. మన ఒంగోలు జాతి నుంచి వచ్చిందే, అక్కడ దాన్ని నెలోర్ అంటారు. సంతోషమే. కరవదిలో ఒంగోలు గిత్తలు మేపే రైతుకు అందులోంచి రూపాయి వస్తుందా అంటే, రాదు. మంచి వార్త చదివేటప్పుడు 'ఎవరికి?' అని అడగడం నాకు ఆ ఆవు నేర్పింది.

మాకు దగ్గర్లోనే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ మా వయసువాళ్లకు తెలుసు, షాపులో పనిచేసే కుర్రాడికి తెలియదు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ వాచకంలో పాఠం చదివి, లేచి నిలబడ్డారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఇప్పుడెవరైనా ఒక నిమిషం వీడియో చేస్తే ఆ చివరి ముక్క ఎగరగొడతారు. నాకైతే అది కూడా ఉంటేనే నమ్మబుద్ధవుతుంది.

లోపాలూ చెప్పాలి. చెడ్డ వార్తలన్నీ ఆపేసుకుంటే 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అదీ పాలబ్బాయి చెబితే. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది, కరెంటు పోతే ఐసు పెట్టుకోవాలి. అప్పట్నుంచి వాతావరణ శాఖ బులెటిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచా. ఎర్రబాణాలూ డప్పు మ్యూజిక్కూ ఉండవు, ఎక్కడ ఎంత గాలో రాసి ఊరుకుంటుంది. ఆ వాన రాత్రి గ్రూపుల్లో ఏం తిరిగిందో నాకు తెలియదు, అమ్మ నిద్రపోయింది.

నా బీపీ తగ్గిందని మాత్రం చెప్పలేను. ఆ మాత్రలు నేనే అమ్ముకుంటున్నా, నేనే వేసుకుంటున్నా. రోజుకు పావుగంట పని, ఖర్చు లేదు. మూడు రోజులకొకసారి గానీ చెప్పదగ్గది దొరకదు, దొరకని రోజు పాతదే చెబుతా.

నారికురుపు లెక్క చెప్పిన రాత్రి అమ్మ పదిహేనూ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఏ ఊరువాళ్లని అడిగింది. ఆఫ్రికాలో చాద్, దక్షిణ సూడాన్ అన్నా. "ఆడ బావులకి గట్లు కట్టలేదా నాయనా?" అంది. నాకు తెలియదన్నా. కనుక్కుని చెప్పమంది.