మలద్వార క్యాన్సర్‌కు కీమోతో పాటు రెటిఫాన్లిమాబ్: 5కి 4 మార్కులు

మలద్వార క్యాన్సర్ తిరగబెట్టినా, కాలేయానికో ఊపిరితిత్తులకో పాకినా కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో ఇస్తారు. దానికి రెటిఫాన్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (క్యాన్సర్‌పై రోగనిరోధక శక్తిని ఉసిగొల్పేది) జోడించి 308 మందిలో పరీక్షించారు. సగం మందికి మందు, సగం మందికి మందులేని సీసా. ఎవరికి ఏది ఎక్కిందో రోగికీ డాక్టరుకీ తెలియదు. జబ్బు పెరగకుండా ఆగిన కాలం, మధ్యస్థ (మీడియన్) లెక్కన, 7.4 నెలల నుంచి 9.3 నెలలకు చేరింది. 2025 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. రెండు నెలలేగా అనిపించొచ్చు, కానీ కొత్త మందే అరుదైన ఈ జబ్బులో అది పెద్ద మేలే. ఒక మార్కు కోసింది దుష్ప్రభావాలకు: తీవ్రమైనవి 100లో 47 మందికి వచ్చాయి, మందులేని వైపు 39 మందికి.

సైకిల్ 28 రోజులు. మొదటి రోజు మూడు మందులూ ఎక్కుతాయి. 8, 15 రోజుల్లో పాక్లిటాక్సెల్ ఒక్కటే, ఒంటి ఉపరితల వైశాల్యంలో చదరపు మీటరుకు 80 మి.గ్రా. నాలుగో వారం విరామం. ఇలా ఆరు సైకిళ్లు. రెటిఫాన్లిమాబ్ మాత్రం 500 మి.గ్రా. చొప్పున నాలుగు వారాలకోసారి, ఏడాది వరకు. కార్బోప్లాటిన్ డోసుకు కిడ్నీ పనితీరు అంకెకు 25 కలిపి 5తో గుణిస్తారు: 60 ఉంటే 425 మి.గ్రా. అందుకే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష పాత రిపోర్టుతో లెక్క కట్టకూడదు.

పాక్లిటాక్సెల్‌కు మామూలు సెలైన్ సెట్ పనికిరాదు. పీవీసీ ప్లాస్టిక్ లేని, ఫిల్టర్ ఉన్న సెట్టే పెట్టాలి. మొదటి పది, పదిహేను నిమిషాల్లో ముఖం ఎర్రబడినా, ఛాతీ పట్టేసినా, నడుము లాగినా నర్సును పిలవాలి. కాసేపు చూద్దామని ఊరుకోకూడదు.

శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేవాళ్లకు నెలకు మూడు ప్రయాణాలు. తెల్లకణాలు పడిపోతే ఎనిమిదో రోజు డోసు ఆగుతుంది, వచ్చిన దారి వృథా. సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) ముందురోజే ఊళ్లో చేయించి, రిపోర్టు వాట్సాప్‌లో పంపి, రమ్మన్నాకే బస్సెక్కడం మేలు.

అసలు చిక్కు విరేచనాలతో. రేడియేషన్ అయినవాళ్లు మామూలేలే అనుకుని విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర మింగి ఊరుకుంటారు. ఇక్కడ రోగనిరోధక శక్తే పేగును దెబ్బతీస్తుండవచ్చు. దానికి మందు స్టెరాయిడ్, ఆలస్యమైతే పేగుకే ముప్పు. రోజూ ఉండేదానికంటే నాలుగుసార్లు ఎక్కువైతే అదే రోజు ఫోన్ చేయాలి. జ్వరం 100.4 దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికే. థైరాయిడ్ పరీక్ష మొదలుపెట్టే ముందూ, మధ్యమధ్యనా చేయించాలి. ఈ ఇబ్బందులు మందు ఆపేసిన నెలల తర్వాత కూడా రావచ్చు. అందుకే మందు పేరు, చివరి డోసు తేదీ ఫైలు అట్టమీద పెద్దక్షరాల్లో రాసిపెట్టుకోవాలి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో కొత్త డాక్టరు ముందుగా చూసేది ఆ అట్టనే.