కరవని కుక్క, వదలని భయం: నోటుబుక్కు పద్ధతి 20 నెలలు వాడాక

అరుదైన జబ్బు ఏదో అంటుకుందేమోనన్న భయానికి మేం 20 నెలలుగా వాడుతున్న పద్ధతి ఇది. కావాల్సిన సామాను చాలా తక్కువ: 100 పేజీల రూళ్ల నోటుబుక్కు, ఒక పెన్ను, ఫోన్లో అలారం, ఇంట్లో మాట మీద నిలబడే ఒక మనిషి. మూలం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచననూ అలవాటునూ మార్చే మానసిక చికిత్స, డాక్టర్లు సీబీటీ అంటారు. ఆ చికిత్సలో రోగి ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పనిని ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరి పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు మన ఇళ్లలో కుదిరేలా సర్దుకున్న రూపం. ఎక్కువ వాడింది రేబిస్ భయం మీద, కాబట్టి వివరాలన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

అన్నిటికన్నా ముందు ఒక హద్దు. కుక్క కరిచినా, గోరు గీరినా, పుండు మీద గానీ కంట్లో నోట్లో గానీ దాని చొంగ పడినా ఈ పుస్తకం తెరవకూడదు. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టీకా కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో పడాలి (0 అంటే మొదటి టీకా పడిన రోజు). చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే మందు, కూడా ఇస్తారు. లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు ఉండని జబ్బు కనుక ఇందులో బేరాలు లేవు. తెగని చర్మాన్ని కుక్క నాకినా, మనం దాన్ని ముట్టుకున్నా, అన్నం పెట్టినా అది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మొదటి తరగతి. కడుక్కుంటే చాలు, టీకా అక్కర్లేదు. ఎటూ తేలని గీరు అయితే తేల్చాల్సింది డాక్టరే. ఒక్క డాక్టరు, ఒక్కసారి.

పద్ధతి పనికొచ్చేది ఆ హద్దుకు ఇవతల ఉన్నవాటికి. సంతలో వీధికుక్క పంచెకు రాసుకుని పోయింది. వాకిట్లో తడి మీద చెప్పుల్లేకుండా నడిచాం, అది కుక్క చొంగేమో. దండెం మీది తువ్వాలు కింద పడి ఉంది, కుక్క దాని మీద పడుకుందేమో. ఎండిపోయిన చొంగ వల్ల రేబిస్ రాదు. ఈ సంగతి తెలియక భయపడే వాళ్లకు చెబితే భయం పోతుంది. తెలిసినా పోకపోతే అది వేరే బాధ, దానికి ఇంకో పది వ్యాసాలు చదివించి లాభం లేదు.

తేడా పట్టుకోవడానికి వాడిన ప్రశ్న ఒకటే: ఈ పని ఎప్పటికి అయిపోతుంది? టీకాకు 28వ రోజు ఉంది. కరిచిన కుక్కను 10 రోజులు గమనిస్తారు, అది ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని చొంగలో వైరస్ లేదన్నమాట. అక్కడితో అయిపోయింది. 11వ రోజు కూడా ఆ కుక్కను వెతుక్కుంటూ వీధులు తిరగడానికి చివర లేదు. టీకాలన్నీ పడ్డాక, ఆ సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉందా, ఆ రోజు కరెంటు పోయింది కదా, సూది తీశాక చుక్క బయటికొచ్చింది కదా అని తవ్వుకోవడానికీ చివర లేదు. చివర ఉన్న పని జాగ్రత్త కింద రాసుకున్నాం, లేనిదాన్ని పుస్తకంలోకి ఎక్కించాం.

ఒంటిని పరీక్షించుకోవడం గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. రేబిస్ వస్తే నీళ్లు మింగలేరని అందరికీ తెలుసు. అందుకని గ్లాసుడు నీళ్లు తాగి చూస్తారు, దిగుతాయి. పది నిమిషాలకు మళ్లీ. నీళ్లు లేనిచోట ఉమ్మి మింగి చూస్తారు. ఇప్పుడు మీరే వరసగా ఐదారుసార్లు ఉత్తినే గుటక వేసి చూడండి. నాలుగో గుటకకే నోట్లో తడి అయిపోతుంది, గొంతు పట్టేసినట్టు ఉంటుంది, ఆరో గుటక కష్టమవుతుంది. చాలామందికి ఇంతే. భయపడ్డవాడు దాన్నే లక్షణం అనుకుని ఏడో గుటకకు ప్రయత్నిస్తాడు. మెడ కింద బిళ్లలు నొక్కి చూసుకోవడమూ ఇలాంటిదే, రోజుకు ఇరవైసార్లు నొక్కితే నొక్కినచోట నొప్పి పుట్టి తీరుతుంది. థర్మామీటరూ అంతే. మామూలు మనిషికే సాయంత్రం వేడి తెల్లవారుజాముకన్నా సుమారు అర డిగ్రీ సెల్సియస్ ఎక్కువ, టీ తాగిన వెంటనే నోట్లో పెడితే ఇంకా ఎక్కువ. పరీక్షే రుజువును తయారు చేస్తుంది. పద్ధతి అంతా కొట్టాల్సింది ఆ పరీక్ష మీద, భయం మీద కాదు.

ఇక పుస్తకం. పేజీకి నాలుగు గడులు: సమయం, ఏమనిపించింది, ఏం చేసి చూడాలనిపించింది, చేశానా లేదా. కుడి అంచున మూడు అంకెలు: భయం పదికి ఎంత, అప్పుడు, 10 నిమిషాలకు, 30 నిమిషాలకు. ఒక వరస ఇలా ఉంటుంది: "ఉదయం 7.40. పాలకెళ్తే కుక్క మడమ పక్కనుంచి పోయింది. మడమ తిప్పి చూడాలి, సబ్బుతో కడగాలి. చూడలేదు. 8, 7, 4." మొదటి వారం ఏమీ మార్చకుండా లెక్క మాత్రం రాయాలి. ఎన్నిసార్లు గుటక, ఎన్నిసార్లు ఫోన్లో వెతుకులాట, ఎన్నిసార్లు ఇంట్లోవాళ్లను అడగడం. తీరిక లేకపోతే గీతలు పెట్టినా సరే. ఆ గీతలు చూసి బెదరనక్కర్లేదు, అవి మునుపూ ఉన్నవే, ఇప్పుడు కనబడ్డాయి.

రెండో వారం నుంచి వాయిదా. చూడొద్దు అని మనసుకు ఆజ్ఞ ఇస్తే అది వినదు, 5 నిమిషాలు ఆగి చూద్దాం అంటే వింటుంది. అలారం పెట్టి చేతిలో పని ఏదైనా చేయాలి, బియ్యం ఏరడమైనా, బండి తుడవడమైనా. వారానికో మెట్టు: 5, 15, 30 నిమిషాలు, తర్వాత 2 గంటలు, ఆపైన రేపటికి. అలారం మోగేసరికి సగంసార్లు ఆ కోరిక చల్లబడి ఉంటుంది. చల్లబడకపోతే ఒక్కసారి చూసి ఉన్నదున్నట్టు రాసుకోవడమే. ఇది మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా గట్టి ముక్క, 20 నెలల్లో ఒక్కసారీ విరగలేదు. కుడి అంచు అంకెలు ఎందుకంటే, ఏమీ చేయకుండానే 8 కాస్తా 4 అయిందని మన చేతిరాతలోనే కనబడాలి. ఎవరో చెబితే నమ్మకం కుదరదు.

పుస్తకం రెండు చోట్ల చెడుతుంది. రెండో గడి పొడుగు పెరిగి, ఎక్కడ తిమ్మిరి, ఎంతసేపు, ఏ వైపు అని రోగ చరిత్రగా మారిపోతుంది. ఒక సంగతికి ఒకే వరస అని గట్టిగా పెట్టుకుంటే ఆగుతుంది. రెండోది, పాత పేజీలు తిప్పి ధైర్యం తెచ్చుకోవడం. అదీ పరీక్షే, కొత్త వేషంలో. అయిపోయిన పేజీలకు రబ్బరు బ్యాండు వేసి, ఆదివారం ఒక్కరోజు తీశాం.

ఇంట్లోవాళ్ల సంగతి అన్నిటికన్నా కష్టం. "నాకేటీ కాదు కదా అప్పా?" అని తమ్ముడు అడుగుతాడు. "ఏటీ కాదులే, పడుకో" అని అక్క అంటుంది. ప్రేమతోనే అంటుంది. ఆ మాట ఓ అరగంట పనిచేస్తుంది, తర్వాత "నువ్వు సరిగ్గా చూడకుండా అన్నావు" అని మళ్లీ మొదలు. ఇలా అడిగి ఊరట తెచ్చుకోవడమే ఈ భయాన్ని మేపుతుందని సాల్కోవ్‌స్కిస్, వార్విక్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు 1986లోనే రాశారు. ఒకేసారి మాట మానేస్తే మనిషి విలవిల్లాడతాడు. ముందే కూర్చుని ఇద్దరూ ఒప్పుకున్న జవాబు ఉండాలి. మేం వాడింది ఇది: "అడిగావు, విన్నాను. దీనికి జవాబు చెప్పకూడదని మనం అనుకున్నాం కదరా. రా, ఇలా కూర్చో." మూడో ముక్క వదిలేయకూడదు. జవాబు లేదు గానీ మనిషి పక్కన ఉంది అని తెలియాలి. విసుగ్గా అంటే మొత్తం చెడిపోతుంది. ఇల్లంతా ఒకే మాట మీద లేకపోయినా చెడుతుంది, అక్క చెప్పదని తెలిస్తే ప్రశ్న అమ్మమ్మ దగ్గరికి పోతుంది.

మన సరిహద్దు ఊళ్లకు ఇంకో చిక్కు ఉంది. పర్లాకిమిడిలో డాక్టరు ఏమీ లేదంటే ఆంధ్ర వైపు పాతపట్నం కూతవేటు దూరం, అక్కడా లేదంటే శ్రీకాకుళం బస్సు, లేకపోతే ఒడిశాలోనే బరంపురం. రెండు రాష్ట్రాలు, రెండు ఓపీ చీటీలు, ఇక్కడ చూసింది అక్కడి డాక్టరుకు తెలియదు. ఊరట దొరికే చోట్లు రెట్టింపు. అందుకే ఒకే ఫైలు, ఒకే డాక్టరు అన్న నియమం మనకు ఇంకా ఎక్కువ కావాలి. కొత్త లక్షణం ఏదైనా రెండు వారాలు తగ్గకుండా ఉంటే ఆయన దగ్గరికే వెళ్లాలి. ఒక్కసారిగా వచ్చిన తీవ్రమైన బాధకు, జ్వరంతో మెడ బిగుసుకోవడానికి, స్పృహ తప్పడానికి ఈ రెండు వారాల లెక్క వర్తించదు, వెంటనే వెళ్లాలి. వార్తల విషయంలోనూ రెట్టింపే. కేరళలో మెదడు తినే అమీబా అన్న వార్త తెలుగు చానల్లో ఒకసారి, ఒడియా చానల్లో ఒకసారి, వాట్సాప్‌లో పదిసార్లు వస్తుంది. ఒక్క వార్త పన్నెండు కేసుల్లా అనిపిస్తుంది. రోజుకు ఒక్క భాషలో, ఒక్కసారి చూడడం అని పెట్టుకున్నాం.

ఆ అమీబా పేరు నేగ్లేరియా ఫౌలెరి. చెరువులూ నదుల్లాంటి ఉప్పులేని వెచ్చని నీటిలో ఉంటుంది, ముక్కులోకి నీళ్లు బలంగా ఎక్కితేనే లోపలికి వెళ్తుంది, తాగితే రాదు, మనిషి నుంచి మనిషికి రాదు. లక్షణాలు సాధారణంగా 1 నుంచి 12 రోజుల్లోపే మొదలవుతాయి. కాబట్టి ఇక్కడా జాగ్రత్తకు చివర ఉంది: ఎండాకాలం నిలవనీటిలో తల ముంచకూడదు, ముంచితే ముక్కు మూసుకోవాలి, జలనేతికి, అంటే ముక్కును నీళ్లతో కడుక్కోవడానికి, కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. మహేంద్రతనయ నదిలో కాళ్లు కడుక్కుని నెల తిరిగాక వచ్చిన తలనొప్పి దీని లెక్కలోకి రాదు.

సాయంత్రం 6 గంటలకు 20 నిమిషాలు చింత కోసమే కేటాయించే ముక్క మాకు సగమే పనిచేసింది. రాత్రి భోజనం తర్వాత పెడితే నిద్ర చెడింది, కాబట్టి నిద్రకు కనీసం రెండు గంటల ముందు ఉండాలి. ఇరుకింట్లో, టీవీ మోగుతుండగా కుదరదు.

మెట్ల అభ్యాసం, అంటే భయపెట్టేవాటిని చిన్నదాని నుంచి పెద్దదాకా ఒక్కో మెట్టుగా ఎదుర్కోవడం, వాయిదా బాగా అలవాటయ్యాకే, మా లెక్కలో ఆరో వారం తర్వాత. రేబిస్ అనే మాటను రోజూ 20 సార్లు రాయడం మొదటి మెట్టు. తర్వాత కుక్క బొమ్మ, కుక్కలుండే వీధిలో నడవడం, వెనక్కి తిరిగి చూడకుండా నడవడం, ఇంటికొచ్చి మామూలుగా ఒక్కసారే కాళ్లు కడుక్కోవడం. ఒక్కో మెట్టు మీద 30, 40 నిమిషాలు, వారానికి నాలుగైదు రోజులు. భయం 7 దగ్గర మొదలై 4కు దిగేదాకా ఆ మెట్టు మీదే ఉండాలి. వీధికుక్కను ముట్టుకోవడం ఈ మెట్లలో ఎక్కడా లేదు. ధైర్యం నిరూపించుకోవడానికి అలా చేయకూడదు, అది నిజమైన ప్రమాదం.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. బ్రిటన్‌లో జబ్బు భయం ఉన్న 444 మంది ఆసుపత్రి రోగుల మీద జరిగి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన పరిశోధనలో సుమారు సగం మందికి 5 నుంచి 10 విడతల సీబీటీ ఇచ్చారు, మేలు రెండేళ్ల తర్వాతా నిలిచింది. సొంతంగా చేసుకుంటే ఇంకా నిదానం. రెండు నెలలు రాసినా గీతలు తగ్గకపోతే, తిండీ నిద్రా పనీ చెడితే, ఇలా బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, పుస్తకం పక్కన పెట్టి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఆ విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. కంగారు తగ్గించే ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్ర డాక్టరు రాస్తే గుణం తెలియడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పడం, కొంచెం కంగారు పెరగడం మామూలే. డబ్బాలోని కాగితం చదివి మూడో రోజు మానేసేవాళ్లు ఈ భయం ఉన్నవాళ్లలోనే ఎక్కువ. మానే ముందు రాసిన డాక్టరుకు ఫోన్ చేయాలి.

భయం మళ్లీ వస్తుంది. పక్క ఊళ్లో ఎవరినో కుక్క కరిచిందంటే చాలు, గుటకలు మొదలవుతాయి. అప్పుడు మొదటి పేజీ నుంచి అంతా చేయనక్కర్లేదు. 15 నిమిషాల వాయిదా దగ్గర మొదలుపెట్టి, ఒక వారం గీతలు పెట్టి, ఇంట్లో ఆ ఒప్పుకున్న జవాబును ఇంకోసారి గుర్తు చేసుకుంటే మాకు ప్రతిసారీ పది, పన్నెండు రోజుల్లో సర్దుకుంది. రెండో నోటుబుక్కు ముందే కొని బీరువాలో పెట్టి ఉంచండి.