వైపర్ మొరాయిస్తే తప్పంతా రబ్బరుదేనా? మూడు రకాల బ్లేడ్లు ఏళ్ల తరబడి వాడాక ఒక సమీక్ష

ఇనుప చట్రంతో వచ్చే పాతకాలపు బ్లేడ్లు, చట్రం లేని ఫ్లాట్ బ్లేడ్లు, సిలికాన్ రబ్బరు బ్లేడ్లు అనే మూడు రకాలనూ ఒకే కారు మీద, ఎండాకాలాలూ వానాకాలాలూ గడిచేలా కొన్నేళ్లపాటు మార్చి మార్చి వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పును ముందే చెప్పేస్తాను. ఏ రకం బ్లేడు కొన్నామన్న దానికంటే, అది తిరిగే అద్దం ఎంత శుభ్రంగా ఉంది, దాన్ని పట్టుకున్న ఆర్మ్ ఏ కోణంలో ఉంది అన్నవే తుడుపు నాణ్యతను ఎక్కువగా నిర్ణయిస్తాయి. కొత్త బ్లేడు వేసిన కొద్ది రోజులకే పాత రొద మళ్లీ మొదలైందంటే, లోపం రబ్బరులో లేదని అనుమానించడానికి అది చాలినంత ఆధారం.

చట్రం ఉన్న బ్లేడులో ఆర్మ్ స్ప్రింగు ఇచ్చే ఒత్తిడి చిన్న చిన్న కీళ్ల ద్వారా పంపకమై రబ్బరు మీద అనేక చోట్ల పడుతుంది. ఆ కీళ్లు సులువుగా కదులుతున్నంతకాలం వంపు తిరిగిన అద్దాన్ని కూడా ఇది బాగానే తుడుస్తుంది. పైగా చాలా వాటిలో చట్రాన్ని ఉంచుకుని రబ్బరును మాత్రమే మార్చుకోవచ్చు. దుమ్ము, తుప్పు చేరి కీళ్లు బిగుసుకుంటే మాత్రం, రబ్బరు ఎంత కొత్తదైనా అద్దం మీద వెడల్పాటి తడి పట్టీ మిగిలిపోతుంది. ఫ్లాట్ బ్లేడులో ఈ కీళ్లేవీ ఉండవు. ముందే వంచిన ఉక్కు పట్టీ పొడవునా ఒత్తిడిని పంచుతుంది. గాలికి తక్కువగా లేస్తుంది, మంచు పడే చోట గడ్డకట్టుకుపోయే కీళ్ల బెడద ఉండదు. అయితే పట్టీ వంపూ అద్దం వంపూ కలవకపోతే రెండు కొసలో, నడిమి భాగమో తుడవకుండా వదిలేస్తుంది. దీనికి సర్దుబాటు లేదు, మరో తయారీ బ్లేడు చూసుకోవలసిందే. సిలికాన్ రబ్బరు ఎండకు గట్టిపడటం చాలా నిదానం. అది అద్దం మీద నీటిని నిలవనివ్వని పలుచని పూతను కూడా వదులుతుంది. అద్దాన్ని పూర్తిగా శుభ్రం చేయకుండా వేస్తే మాత్రం ఆ గుణమే ఎదురుతిరిగి మసకగా, కీచుకీచుమంటూ విసిగిస్తుంది.

లోపాన్ని పట్టుకోవడానికి నేను మొదట చూసేది అద్దం మీద మిగిలిన గుర్తులనే. ఒకే ఒక సన్నని గీత ప్రతిసారీ అదే చోట పడుతుంటే రబ్బరు అంచులో అక్కడ గాటు పడి ఉంటుంది, లేదా ఇసుక రేణువో పురుగు ముక్కో ఇరుక్కుని ఉంటుంది. తడి గుడ్డతో అంచును కొస నుంచి కొసకు తుడిస్తే రెండోదైతే వెంటనే పోతుంది. చాలా సన్నని గీతలు వరసగా పడితే అంచు అరిగిపోయినట్టు. తుడిచిన వెంటనే పొగమంచు లాంటి పొర కనిపించి ఒకటి రెండు క్షణాల్లో ఆరిపోతుంటే అద్దం మీద జిడ్డు ఉన్నట్టు. కాకపోతే చతురస్రంగా ఉండవలసిన రబ్బరు అంచు గుండ్రబడినట్టు. ఇక్కడ చిన్న హెచ్చరిక: రాత్రివేళ ఎదురు దీపాల కాంతిలో కనిపించే మసక చాలాసార్లు అద్దం లోపలి వైపునే ఉంటుంది. డాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండకు వేడెక్కి వదిలే ఆవిరి అక్కడ పేరుకుంటుంది. లోపలి నుంచి వేలితో గీసి చూస్తే తేలిపోతుంది, బయటి వైపరును నిందించే పని ఉండదు.

జిడ్డును కనిపెట్టడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. నీటి నిరోధక పూత ఏదీ వేయని అద్దం మీద నీరు పోస్తే, శుభ్రంగా ఉన్న చోట అది పలుచని పొరగా పరుచుకుంటుంది. నూనె, మైనం, చెట్టు జిగురు ఉన్న చోట విడివిడిగా ముద్దలు కడుతుంది. ముందు వాహనాల పొగ గొట్టాల నుంచి వచ్చే మసి, కారు కడిగేటప్పుడు పడే మైనం కలిసిన షాంపూ ఈ జిడ్డుకు ముఖ్య కారణాలు. మామూలు అద్దం శుభ్రపరిచే ద్రవంతో పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని గుడ్డ వాడతాను. పలుచని ప్లాస్టిక్ సంచిలో వేళ్లు ఉంచి తడిమినప్పుడు గరుకు తగిలితే, అతుక్కున్న మురికిని లాగేసే మెత్తని మట్టి ముద్ద అయిన క్లే బార్‌ను నీటితో జారుడుగా చేసి రుద్దుతాను. ఉప్పునీటి మరకలు అద్దంలోకి దిగిపోతే సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ చేయవలసి వస్తుంది. ఆ పనిని ఒకే చోట ఎక్కువసేపు చేస్తే అద్దంలో చూపు వంకరగా కనిపించే గుంట పడుతుంది కాబట్టి అలవాటున్నవారికి అప్పగించడం మేలు. రబ్బరుకు మాత్రం నీరూ మెత్తని గుడ్డా చాలు. పెట్రోలు, తుప్పు వదిలించే స్ప్రేలు రబ్బరును ఉబ్బిస్తాయి. ఉప్పుకాగితంతో అంచు రుద్దితే పదును వస్తుందన్న చిట్కా అంతకంటే హానికరం; దాంతో రబ్బరు మీది గ్రాఫైటు పూతా పోతుంది, అచ్చుగా కోసిన అంచూ పోతుంది.

ఇక ఎక్కువ మందిని వేధించేది, ఎక్కువగా తప్పు అర్థం చేసుకునేది అద్దం మీద బ్లేడు దడదడలాడుతూ దూకడం. రబ్బరు పనిచేసే తీరు తెలిస్తే దీని కిటుకు దొరుకుతుంది. బ్లేడు పైకి పోతున్నప్పుడు రబ్బరు అంచు కిందకు వాలి వెనక ఈడ్చుకుంటూ రావాలి; దిశ మారగానే అటు నుంచి ఇటు తిరగబడి మళ్లీ వెనకబడాలి. అంచు ఒక వైపుకే గట్టిపడి తిరగబడలేకపోయినా, బ్లేడు ఒక పక్కకు ఒరిగి ఉండి అంచును ముందుకు నెడుతున్నా, రబ్బరు క్షణం పట్టుకుని వదిలి గెంతుతుంది. రెండు దిశల్లోనూ దడదడలాడితే జిడ్డునో, ఎండిపోయిన రబ్బరునో అనుమానిస్తాను. వేలితో అంచును మెల్లగా రెండు వైపులా వంచి వదిలితే అది చటుక్కున నిటారుగా రావాలి, రాకపోతే రబ్బరు కాలం తీరింది. ఒకే దిశలో దడదడలాడితే మాత్రం నా కన్ను ఆర్మ్ మీద పడుతుంది.

ఆర్మ్ కోణాన్ని చూడటానికి వైపర్లు సగం దూరంలో ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆపి, బ్లేడు కొస వైపు నుంచి కంటితో పరిశీలిస్తాను. ఆ స్థితిలో బ్లేడు అద్దానికి నిలువుగా, దాదాపు 90 డిగ్రీల కోణంలో నిలబడాలి. కారు కడిగేచోట బ్రష్షు తగిలో, గుడ్డతో తుడిచేటప్పుడు ఎవరో మెలిపెట్టో ఆర్మ్ కొద్దిగా తిరిగిపోవడం సాధారణమే. దాన్ని సరిచేయడానికి బ్లేడు తీసి పక్కన పెట్టి, అద్దం మీద మందపాటి గుడ్డ పరచి, బ్లేడు తగిలించే కొస దగ్గర ఒక పానాతోనూ కొంత పైన ఇంకొక పానాతోనూ పట్టుకుని, వెంట్రుకవాసి మేర మెలితిప్పి, బ్లేడు పెట్టి నీళ్లు చల్లి చూస్తాను. ఆ గుడ్డను నిర్లక్ష్యం చేయకూడదు: బ్లేడు లేని ఇనుప ఆర్మ్ చేతిలోంచి జారి స్ప్రింగు బలంతో పడితే ముందు అద్దం పగిలిపోగలదు. కొన్ని కార్లలో వైపర్లు బానెట్ అంచు కింద దాగి ఉంటాయి. వాటిని బలవంతంగా ఎత్తకుండా, యజమాని పుస్తకంలో చెప్పిన సర్వీసు స్థానానికి తెచ్చుకోవాలి.

కీచుమనే చప్పుడు వేరే జబ్బు కాదు. దడదడకు కారణమైనవే చిన్న మోతాదులో ఉన్నట్టు. పొడి అద్దం మీద నడిపితే ఏ బ్లేడైనా కీచుమంటుంది, దుమ్ముంటే అద్దం కూడా గీసుకుపోతుంది. వేగంగా వెళుతున్నప్పుడు మాత్రమే బ్లేడు పైకి లేచి తడి వదిలేస్తుంటే స్ప్రింగు బలహీనపడిందేమో, ఆర్మ్ మడత కీలు బిగుసుకుందేమో చూడాలి. చట్రం బ్లేడులో ఈ ఇబ్బంది నాకు స్పష్టంగా కనిపించింది, ఫ్లాట్ బ్లేడులో చాలా తగ్గింది.

రెండు వైపర్లలో ఒకటే కదిలి ఇంకొకటి పడుకుని ఉంటే మోటార్ బాగానే ఉన్నట్టే లెక్క. మొదట ఆర్మ్ మొదట్లోని మూత తీసి నట్టు వదులైందేమో చూడాలి. నట్టు వదులుగా ఉండగా నడిపితే, ఇరుసు మీది పళ్లు ఆర్మ్‌లోని మెత్తని లోహాన్ని కొరికేసి అక్కడ పట్టు లేకుండా చేస్తాయి. అప్పుడు నట్టు ఎంత బిగించినా ఆర్మ్ జారుతూనే ఉంటుంది, దాన్ని మార్చడమే మార్గం. ఇంకా పట్టు ఉంటే, బ్లేడు ఆగే చోటును అద్దం మీద టేపుతో గుర్తించి, మోటార్‌ను ఒకసారి తిప్పి విశ్రాంతి స్థానంలో ఆగనిచ్చి, పళ్లలో చేరిన లోహపు పొడిని తీగ బ్రష్షుతో తీసి, గుర్తుకు సరిగ్గా పెట్టి బిగించాలి. పట్టేసిన ఆర్మ్‌ను సుత్తితో కొట్టడం కంటే చిన్న పుల్లర్‌తో లాగడం క్షేమం. నట్టు బిగుతుగానే ఉంటే అద్దం అడుగున ఉండే కౌల్ అనే ప్లాస్టిక్ మూత కింద, మోటార్ కదలికను ఆర్మ్‌లకు చేర్చే కడ్డీల అమరికలో (లింకేజీలో) గుండు, గిన్నెల కీలు అయిన బాల్ జాయింట్ ఊడి ఉంటుంది. దాని ప్లాస్టిక్ గిన్నె అరిగిపోతే ఊడేదాకా ఆగనక్కరలేదు. బ్లేడు తన హద్దు దాటి అద్దం పక్కనున్న కారు స్తంభానికి కొట్టుకోవడం, రెండు బ్లేడ్లు ఒకదానికొకటి తగలడం ముందే చెబుతాయి. ఆ మూత తీసినప్పుడే కింద పేరుకున్న ఆకులను ఎత్తేస్తాను, ఎందుకంటే నీరు పోయే రంధ్రాలు మూసుకుంటే నీరు నిలిచి మోటార్‌ను పాడుచేస్తుంది. లింకేజీలో వేళ్లు పెట్టేముందు బ్యాటరీ కనెక్షన్ తీయడం తప్పనిసరి.

రెండూ కదలకపోతే చెవి ఒగ్గి వినాలి. మోటార్ గూంయ్ మంటూ ఆర్మ్‌లు కదలకపోతే లోపం చాలావరకు లింకేజీదే. శబ్దమే లేకపోతే ఫ్యూజు, ఆ తర్వాత కనెక్టర్ దగ్గర వోల్టేజి, ఎర్త్ వైరు వరసగా చూడాలి. ఫ్యూజు పోవడానికి ఒక కారణం ఉంటుంది: మంచుకు అద్దానికి అతుక్కున్న బ్లేడు, బిగుసుకున్న ఇరుసు, అడ్డుపడిన కొమ్మ. అది తొలగించకుండా ఇంకా ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయడం వైర్లను కాల్చుకోవడమే. కాసేపు ఆగి తనంతట తాను మళ్లీ నడిచే మోటార్ ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు తెంచే రక్షణ ఉంటుంది. వైపర్ నీరసంగా తిరుగుతుంటే లింకేజీని మోటార్ నుంచి విడదీసి చేత్తో తిప్పి చూస్తాను. బరువుగా ఉంటే ఇరుసులకు గ్రీసు కావాలి, తేలిగ్గా ఉంటే లోపం మోటార్ వైపో వైర్ల వైపో ఉంటుంది.

ఒక వేగంలో నడిచి ఇంకో వేగంలో నడవకపోవడానికీ వివరణ ఉంది. ఈ మోటార్లలో సాధారణంగా మూడు కార్బన్ బ్రష్షులు ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండింటి ద్వారా కరెంటు వెళితే నిదానంగా, పక్కకు జరిపి పెట్టిన మూడోదాని ద్వారా వెళితే వేగంగా తిరుగుతుంది. కాబట్టి ఒక వేగం పోయిందంటే ఒక బ్రష్షో, స్టీరింగు పక్క స్విచ్చో అరిగింది కానీ మోటార్ మొత్తం పోలేదు. ఆపగానే వైపర్లు కిందకు చేరకుండా ఉన్న చోటే నిలిచిపోతే, మోటార్ గేర్ పెట్టెలో ఉన్న పార్కింగ్ కాంటాక్టులు (కరెంటును కలిపే లోహపు రేకులు) పాడైనట్టు. స్విచ్చి ఆపిన తర్వాత కూడా విశ్రాంతి స్థానం చేరేదాకా కరెంటు అందించేది అవే. చిరుజల్లుకు వాడే ఆగి ఆగి నడిచే పద్ధతిలో విరామాలు అస్తవ్యస్తమైతే, పాత కార్లలో ఆ విరామాలను నడిపే స్విచ్చు అయిన రిలే మార్చి చూడవచ్చు. ఇంజనీరు రాబర్ట్ కియర్న్స్ 1964లో దరఖాస్తు చేసి 1967లో అమెరికాలో పేటెంట్ పొందిన ఎలక్ట్రానిక్ పద్ధతిలో కెపాసిటర్ (విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగం) నిండటానికి పట్టే సమయమే విరామాన్ని నిర్ణయించేది. ఆ తరహా రిలేలలో కెపాసిటర్ ముసలిదైతే విరామం మారుతుంది. కొత్త కార్లలో ఈ పని కంట్రోల్ యూనిట్ చేస్తుంది కనుక ఇంట్లో చేయగలిగింది తక్కువ. వాన సెన్సర్ ఉన్న కారులో ముందు అద్దం మార్చిన తర్వాత వైపర్లు వానకు సరిగ్గా స్పందించకపోతే, సెన్సర్‌కూ అద్దానికీ మధ్య ఉండే జెల్ పొరలో గాలి బుడగలు చేరాయేమో చూడమని అడగాలి.

వాషర్ సంగతి త్వరగా ముగిస్తాను. మీట నొక్కితే పంపు చప్పుడు వినిపించి నీరు రాకపోతే నాజిల్‌లో మురికి, ఊడిన గొట్టం లేదా ఖాళీ ట్యాంకు. చప్పుడే లేకపోతే ఫ్యూజు లేదా పంపు. నాజిల్ రంధ్రంలో సన్నని సూదిని బలవంతం లేకుండా తిప్పితే చాలావరకు తెరుచుకుంటుంది. ఉత్త నీరు నింపితే నాచు పడుతుంది, గడ్డకట్టే చలిలో పంపు, గొట్టాలు పగిలే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నా కారు మీద ఉన్నవి ఫ్లాట్ బ్లేడ్లు. సిలికాన్ రకం వాటికంటే ఎక్కువ కాలం మన్నిందని ఒప్పుకుంటాను. కానీ ప్రతి కొన్ని వారాలకూ అద్దాన్ని అంత శ్రద్ధగా శుభ్రం చేసే ఓపిక ఉన్నవారికే దాన్ని సూచిస్తాను. తక్కువ వంపు ఉన్న అద్దం, రబ్బరు మాత్రమే మార్చుకోవాలన్న కోరిక ఉన్నవారికి చట్రం బ్లేడు ఇప్పటికీ చెడ్డ ఎంపిక కాదు. ఏది కొన్నా డ్రైవరు వైపు, ప్రయాణికుడి వైపు పొడవులు వేరువేరుగా ఉండవచ్చు కనుక పాత బ్లేడ్లను అంగుళాల్లో కొలిచి, ఆర్మ్ కొస కొక్కెం రకమా, పక్కన పిన్ను రకమా, బటన్ రకమా అన్నది చూసుకుని వెళ్లాలి. ఒక అంగుళం ఎక్కువ తీసుకుంటే ఎక్కువ తుడుస్తుందనుకుంటే, అది పక్క బ్లేడుకో అద్దం అంచు రబ్బరుకో తగులుతుంది. బిగించిన తర్వాత కొక్కెంలో టక్కుమని కూర్చుందని నిర్ధారించుకుని, అద్దాన్ని బాగా తడిపి, మొదట నిదాన వేగంలో, తర్వాత పూర్తి వేగంలో నడిపి, రెండు బ్లేడ్ల హద్దులూ గమనించాకే రోడ్డెక్కాలి.