తెరచాప పడవలో వారం రోజులు: సన్నాహంలో పనికొచ్చినవీ, వృథా అయినవీ

ఏడుగురు స్నేహితులం కలిసి నలభై అడుగుల తెరచాప పడవను అద్దెకు తీసుకుని, గ్రీసు పడమటి తీరాన ఉన్న అయోనియన్ సముద్రంలో వారం రోజులు తిరిగి వచ్చాం. మాలో పడవ నడిపే లైసెన్సు ఒక్కడికే ఉంది. స్కిప్పర్ అతనే కాబట్టి బయలుదేరక ముందే తేల్చి చెప్పేశాడు: "మీరు ప్రయాణికులు కాదు, సిబ్బంది." ఆ మాటకు బెదిరిపోయి రెండు నెలలు సన్నాహాలు చేశాను. అందులో సగానికి సగం దండగ.

మొదట అందరి మోజూ గ్రీసుకు తూర్పున ఉన్న ఏజియన్ సముద్రం మీదే. కానీ జులై, ఆగస్టు నెలల్లో అక్కడ ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ కొలమానంలో 7 దాకా పోవడం మామూలే. అంటే గంటకు 50 నుంచి 61 కిలోమీటర్ల వేగం. కొత్తవాళ్ళు అంత గాలిలో రేవు వదలకుండా కూర్చోవలసిందే. అయోనియన్ గాలి దీనితో పోలిస్తే బుద్ధిమంతురాలు. పొద్దున పెద్దగా ఉండదు, మధ్యాహ్నం వాయవ్యం నుంచి మొదలవుతుంది, పొద్దుగూకే వేళకు సద్దుమణుగుతుంది. ద్వీపాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఆటుపోట్లు లేనట్టే. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను ఇదే చెబుతాను.

విడిగా కాకుండా ఫ్లోటిల్లాలో వెళ్ళాం. పది పన్నెండు పడవలు ఒకే దారిలో సాగుతుంటే, నిర్వాహకుల పడవ ఒకటి మెకానిక్‌తో సహా వెంట ఉంటుంది. రోజూ పొద్దున గాలి ఎటు వీస్తుందో, సాయంత్రం చేరే రేవులో లోతు ఎంతో వివరించేవారు. మూడో రోజు మా ఇంజను మొరాయిస్తే గంటలోపే మెకానిక్ వచ్చి బాగుచేశాడు. చిక్కల్లా సాయంత్రమే. అన్ని పడవలూ ఒకే వేళకు ఒకే రేవులో దిగుతాయి. ఏకాంతం కోరుకునేవారికి ఇది పడదు.

పడక సంగతి ముందే మాట్లాడుకోకపోవడం మా తప్పు. గదులు మూడు, మనుషులం ఏడుగురం. మిగిలిన ఒక్కరికి నడిమి హాలులోని సోఫానే గతి. మొదటి రెండు రాత్రులు ఆ ఒక్కరిని నేనే. అందరూ పడుకుంటే తప్ప నాకు నిద్ర లేదు, ఎవరు ముందు లేచినా నేనూ లేవాలి. తర్వాత వంతులు వేసుకున్నాం. ముందు గదికి గాలి బాగా తగులుతుంది గానీ లంగరు గొలుసు చప్పుడు నెత్తి మీదే. వెనుక గదులు ఇంజను వేడికి రాత్రి దాకా చల్లారవు. ఏ గదిలో ఉన్నా వదలనిది తెరచాప స్తంభానికి కొట్టుకునే తాడు టకటక. నడిరాత్రి లేచి, చిన్న తాడుతో దాన్ని పక్కకు లాగి కట్టాక గానీ కునుకు పట్టలేదు.

ఇక వృథా అయినవి. చక్రాల పెట్టె తెచ్చిన స్నేహితుడికి వారమంతా దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే బెంగ. మడిచి దిండు కింద పెట్టుకోగల మెత్తటి సంచే సరైనది. ఖరీదైన వానకోటు నేను ఒక్కసారీ తొడగలేదు. తెరచాపల సిద్ధాంతం మీద చదివినదంతా మొదటి గంటలోనే ఆవిరైంది. వాంతుల మాత్రను మాత్రం ఇంటి దగ్గరే ఒకటి వేసుకుని చూడటం మంచిదైంది. అది నన్ను మొద్దునిద్రలో ముంచేసింది, మరో రకం తెచ్చుకున్నాను. దాన్ని కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, బయలుదేరక ముందే వేసుకోవాలి. కిందికి దిగి పడుకుంటే వికారం ఇంకా ఎక్కువవుతుంది. పైనే ఉండి దిగంతం వైపు చూడటం మేలు.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది రెండు మీటర్ల తాడు ముక్క. రోజూ కుర్చీ కాలికి బౌలైన్ ముడి వేస్తూ విప్పుతూ ఉండేవాడిని, చివరికి కళ్ళు మూసుకుని కూడా వేయగలిగే దాకా. ఈ ముడితో పడే ఉచ్చు ఎంత లాగినా బిగుసుకోదు, పని అయ్యాక సులువుగా ఊడి వస్తుంది.

దాని విలువ కెఫలోనియా ద్వీపంలోని ఫిస్కార్డోలో తెలిసింది. అక్కడ ముందు లంగరు వేసి, పడవను వెనక్కి నడిపి, వెనుక నుంచి తాళ్ళు తీసుకెళ్ళి ఒడ్డు రాళ్ళకు కట్టాలి. చిన్న రబ్బరు పడవలో నేను బయలుదేరాను. తాడు చుట్ట పెద్ద పడవలోనే ఉండిపోయింది, కొస మాత్రం నా చేతిలో ఉంది. సగం దూరం వెళ్ళేసరికి తడిసిన తాడు బరువుకు ముందుకు కదలలేకపోయాను. స్కిప్పర్ వెనక్కి పిలిచి, చుట్ట మొత్తం నా కాళ్ళ దగ్గర పడేసి, కొస తన దగ్గర ఉంచుకున్నాడు. ఈసారి తాడు వదులుతూ పోతే చాలు, ఈడ్చే పనే లేదు. రాతి చుట్టూ తిప్పి ముడి వేసేటప్పుడు చేతులు వణుకుతున్నా వేళ్ళు దారి తప్పలేదు.

మొదట్లో పడవను మాకు అప్పగించిన రోజు సంగతి కూడా చెప్పాలి. అద్దె సంస్థ మనిషి హడావిడిగా సంతకాలు పెట్టించుకుంటుంటే, మా స్కిప్పర్ లైఫ్ జాకెట్లన్నీ విప్పించి, లోపలి గ్యాస్ సిలిండర్లను చేత్తో తిప్పి చూడమన్నాడు. నా జాకెట్‌లోనిది వదులుగా ఉంది. అలాగే వదిలేస్తే నీళ్ళలో పడినప్పుడు ఆ జాకెట్ ఉబ్బేది కాదేమో. ఆ మనిషి నొచ్చుకున్నాడు గానీ బిగించి ఇచ్చాడు. మీ జాకెట్‌ను మీరే చూసుకోండి.

నాలుగో రోజు స్కిప్పర్ చెప్పాపెట్టకుండా ఒక ఫెండర్‌ను, అంటే పడవ పక్కన వేలాడే గాలి తిత్తిని, సముద్రంలోకి విసిరి "మనిషి పడ్డాడు!" అని అరిచాడు. ఒకరు వేలు చూపుతూ దాని మీద నుంచి చూపు తిప్పకూడదు, అదొక్కటే ఆ మనిషి పని. ఆ పని నాదే. వెనుక ఎవరో నా పేరు పిలిస్తే ఒక్క క్షణం తల తిప్పాను. మళ్ళీ చూసేసరికి అలల మధ్య తెల్లటి నురగ తప్ప ఏమీ లేదు. దాన్ని వెతికి పట్టుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే అందరం లైఫ్ జాకెట్లు తొడుక్కునే కూర్చున్నాం.