11 ఏళ్లు వాడిన పాత లవ్‌సీట్: టీవీ ముందు పెట్టి తప్పు చేశాం

మా ఇంట్లో ఇద్దరు పట్టే పాత లవ్‌సీట్ 11 ఏళ్లుగా ఉంది. మొదటి మూడేళ్లు దాన్ని తిట్టుకుంటూనే కూర్చున్నాను. తప్పు దానిది కాదు, నాది. సోఫా అనుకుని కొన్నాను.

ముందు కొలతలు చెప్తాను, ఎందుకంటే ఫొటోలో అవి తెలియవు. చేతుల మధ్య వెడల్పు 42 అంగుళాలు, కూర్చునే లోతు 20, నేల నుంచి ఎత్తు 17. వీపు దాదాపు నిటారుగా ఉంటుంది. కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునే వీలే లేదు. అలాంటిదాన్ని తీసుకెళ్లి టీవీ ముందు పెట్టాం. సినిమా సగంలోనే నడుము పట్టేసేది. రెండో వారానికల్లా మా ఆయన దిండు తీసుకుని నేల మీదకి దిగిపోయారు. "ఇది కూర్చోవడానికి కొన్నావా, చూడ్డానికి కొన్నావా?" అని అడిగారు. అప్పట్లో నా దగ్గర జవాబు లేదు.

జవాబు దాని పుట్టుకలోనే ఉంది. 17, 18 శతాబ్దాల్లో యూరప్ సంపన్న ఇళ్లలో వెడల్పాటి కుర్చీలు చేసేవారు. పెద్ద ఘేరు గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు ఒక్కరే సర్దుకుని కూర్చోవడానికి అవి పనికొచ్చేవని చెప్తారు. ఫ్రాన్స్‌లో మార్కీజ్ అనే కుర్చీ ఈ రకమే. ఇంగ్లండ్‌లో ఇద్దరు కూర్చునే సెట్టీలు వచ్చాయి. వాటిలో కొన్నిటిని చూస్తే రెండు కుర్చీల వీపులు పక్కపక్కన అతికించినట్టే ఉంటాయి. అంటే ఇవి కుర్చీ సాగితే వచ్చినవి, సోఫా కుంచించుకుపోతే వచ్చినవి కావు. ఈ ఒక్క తేడా ముందే తెలిసి ఉంటే నాకు మూడేళ్ల నడుము నొప్పి తప్పేది.

19వ శతాబ్దంలో ఎస్ ఆకారంలో ఇంకో రకం వచ్చింది. ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుంటారు, మధ్యలో వంపు తిరిగిన చెయ్యి అడ్డుంటుంది. ఫ్రెంచిలో దాన్ని తేతాతేత్ అంటారు, మాటకి అర్థం తలకి తల. మొహం మొహం చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు, భుజాలు మాత్రం తగలవు. గదిలో పెద్దవాళ్లున్నా ఎవరికీ ఇబ్బంది లేని ఏర్పాటు! లవ్‌సీట్ అనే పేరు మాత్రం ఇవన్నీ వచ్చిన చాలా కాలానికి స్థిరపడింది.

మాది ఎస్ ఆకారం కాదు గానీ, వీపు రెండు చివర్లా లోపలికి వంగి ఉంటుంది. నాలుగో ఏడు ఇల్లు సర్దుతూ దాన్ని కిటికీ పక్కకి జరిపాం, అదీ చోటు లేక. ఆ సాయంత్రం ఇద్దరం చెరో మూల వంపులో వీపు ఆనించి, కొంచెం ఒకరివైపు ఒకరం తిరిగి కూర్చున్నాం. నడుము ఊసే లేదు. ఎదురుగా చూడ్డానికి కాదు, పక్కకి తిరిగి మాట్లాడుకోవడానికి దాన్ని చేశారన్నమాట. అప్పటి నుంచి అది అక్కడే ఉంది.

అమ్మినతను మాత్రం ఇది 1850ల నాటిదని ప్రమాణం చేసినంత పనిచేశాడు. ఇంటికొచ్చాక తిరగేసి చూశాను. (మీరు కొనక ముందే తిరగేయండి.) లోపల మూలల్లో బిగించిన చెక్క ముక్కలకి ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు ఉన్నాయి. ఆ ఫిలిప్స్ స్క్రూలు బజారులోకి వచ్చింది 1930ల మధ్యలో. ఎవరైనా రిపేరులో మార్చారేమో అనుకున్నా, పక్కన పాత బెజ్జం ఒక్కటైనా ఉండాలి కదా, లేదు. ఇంకో సంగతి. 1850ల్లో న్యూయార్క్‌లో జాన్ హెన్రీ బెల్టర్ అనే చెక్కపనివాడు రోజ్‌వుడ్ పలచని పొరల్ని సరేసు అనే జిగురుతో అతికించి, ఆవిరితో వంచి, వాటిలో లతలు, పూలు చెక్కేవాడు. 1858లో దానికి పేటెంటు కూడా తీసుకున్నాడు. మా లవ్‌సీట్ కూడా ఆ బాపతేనని అమ్మినతని మాట. వీపు పైన పెచ్చు ఊడిన చోట చూస్తే పొరల్లేవు, ఒకటే దిమ్మ. మొత్తానికి విక్టోరియా కాలం పోలికలతో తర్వాతెప్పుడో చేసిన వస్తువు. యాంటిక్ అంటే సాధారణంగా 100 ఏళ్లు దాటాలి. ఆ లెక్కన మాది వింటేజ్ మాత్రమే, అంటే పాతదే గానీ అంత పాతది కాదు. వారం రోజులు బాధపడ్డాను, తర్వాత మర్చిపోయాను. కూర్చునేటప్పుడు పుట్టిన తేదీ గుచ్చుకోదు కదా.

అసలు దెబ్బ తగిలింది కుషన్ పనిలో. ఇలాంటి పాత సీట్లలో అడుగున జనపనార పట్టీలు అల్లి, వాటి మీద గుండ్రటి స్ప్రింగులు కుట్టి, పురికొసతో అన్ని వైపులా లాగి కడతారు. సీటుల్లో స్ప్రింగులు వాడడం 1820ల తర్వాత ఊపందుకుంది. వాటిపైన గోనె పట్టా, ఆపైన గుర్రపు వెంట్రుకలు. ఆ వెంట్రుకల్ని ముందే మెలి తిప్పి ఉంగరాలు చేస్తారు కాబట్టి ఎన్నేళ్లు నొక్కినా మళ్లీ లేస్తాయి. నేను గుడ్డ మార్చమని ఇస్తే, ఆ పనివాడు నన్నడక్కుండా వెంట్రుకలన్నీ తీసి పారేసి ఫోమ్ దిమ్మ పెట్టేశాడు. "మెత్తగా ఉంటుంది మేడమ్, పాత వాసన కూడా పోతుంది" అన్నాడు. సీటు రెండంగుళాలు పెరిగింది. దాంతో చేతులు కిందికి పోయాయి, పొట్టిదాన్ని కాబట్టి నా కాళ్లు గాల్లోకి లేచాయి. నాలుగేళ్లు తిరక్కుండానే ఫోమ్ మధ్యలో గుంట పడింది. స్టేపుల్ పిన్నులు వరసగా దిగ్గొట్టడంతో ముందు పట్టె చెక్క కూడా చీలింది. పాత పద్ధతి తెలిసిన ఇంకొకాయన్ని వెతికి పట్టుకుని మొత్తం విప్పించి, కొత్త పట్టీలు, వెంట్రుకలు పెట్టించేసరికి కొన్నదానికంటే ఎక్కువైంది. ఆయన చేసిన పని ఆరేళ్లుగా చెక్కుచెదరలేదు. అందుకే పని ఇచ్చే ముందు లోపలి సరుకు ఏదీ పారేయొద్దని కాగితం మీద రాయించుకోండి.

నేను స్వయంగా చేసిన తప్పు కూడా ఒకటుంది. ఒక కాలు ఊగుతుంటే కుసి (చట్రంలోకి దూరే చెక్క కొన) దగ్గర తెల్ల జిగురు పోసి బిగించాను. పాత సరేసుని జంతువుల చర్మం, ఎముకలు కాచి చేసేవారు. వేడి, తడి తగిలితే అది కరిగి కీలు విడిపోతుంది, శుభ్రం చేసి మళ్లీ అతికించుకోవచ్చు. తెల్ల జిగురు అలా కాదు. చెక్క సందుల్లోకి ఇంకి ఎండాక దాని మీద సరేసు పట్టదు. వడ్రంగి ఆ జిగురు మొత్తం గీకి తీయడానికి ఒక పూట పట్టింది, మాటలు కూడా పడ్డాను.

రోజువారీ సంరక్షణ పెద్ద కష్టమేం కాదు. మెత్తటి పొడి గుడ్డతో తుడుస్తాను, ఏడాదికోసారి కొంచెం మైనం రాస్తాను. లక్క పాలిష్ కాబట్టి వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, మా అబ్బాయి పుణ్యమా అని కుడి చేతి మీద రెండున్నాయి. శానిటైజర్ అయితే ఏకంగా కరిగించేస్తుంది. జరపాలంటే ఇద్దరం సీటు కింది పట్టె పట్టుకుని ఎత్తుతాం, చేతులు పట్టుకుని ఎత్తితే కీళ్లు వదులవుతాయి. కొత్తగా తెచ్చిన పాత సామాను ఏదైనా ఒక నెల విడిగా ఉంచి, కింద నల్ల కాగితం పరవండి. సన్నటి పిండిలా రాలితే పుచ్చు పురుగు లోపల ఇంకా బతికే ఉండొచ్చని అర్థం.

పడుకుని టీవీ చూసేవాళ్లు, మోకాళ్ల నొప్పులతో లోతైన మెత్తటి సీటు కావాలనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు. మంచం పక్కన, వరండాలో, పుస్తకాల గదిలో ఇద్దరికి చోటు కావాలంటే మాత్రం చూడండి. చెక్కడం చూసి మురిసిపోకుండా కూర్చుని లేచి, స్ప్రింగు చప్పుడు వినండి.

ఈ మధ్య ఎడమవైపు ఒక పట్టీ సాగినట్టుంది, అటు కొంచెం దిగుతోంది. నేనెప్పుడూ అటే కూర్చుంటాను మరి. రిపేరాయన వచ్చేదాకా వైపులు మార్చుకుందామని మా ఆయన్ని అడిగాను. టీవీ అటునుంచి కనపడదట, ఒప్పుకోలేదు.