టేకు బల్లకు పియు పాలిష్: పనికి ఐదుకు నాలుగున్నర మార్కులు, చెప్పిన రోజుకు రావడానికి రెండు

మా పాత టేకు భోజనాల బల్లకు పాలిష్ వేసిన మేస్త్రి గురించి ఇది. విజయవాడలో నేను అడిగిన వాళ్లంతా ‘ఏ రంగు కావాలి, ఎంత మెరవాలి’ అనే మొదలుపెట్టారు. ఇతను రంగు ఊసెత్తకుండా, “వేడి గిన్నెలు నేరుగా దీని మీదే దించుతారా అమ్మా?” అని అడిగాడు. దించుతాం. పులుసు కూడా ఒలుకుతుంది.

అయితే లక్క పాలిష్ వద్దన్నాడు. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దే ఆ పాత పద్ధతంటే నాకు ఇష్టం. ఏటికొప్పాక బొమ్మల నునుపూ లక్కదే కదా. కానీ వేడికి, తడికి తెల్ల మచ్చలు పడతాయి. గీతలు పడితే మళ్లీ రుద్దుకోవచ్చు, కొత్త పూత పాతదానిలో కలిసిపోతుంది. పియుకు, అంటే పాలీయూరిథేన్ పూతకు, ఆ సౌకర్యం లేదు, దెబ్బ తింటే ఆ భాగమంతా గీకాల్సిందే. మెలమైన్ అనే ఇంకో రకం పాలిష్ చవకే గానీ, కళ్లు మండించే ఆ వాసన నాకు పడదు. చివరికి హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) కలిపి వేసే మ్యాట్ పియు, అంటే మెరుపు లేనిది, ఖాయం చేశాం.

రంగు దగ్గర వాదన జరిగింది. నాకేమో వాల్‌నట్ ముదురు రంగు కావాలి. అతను కాదనకుండా బల్లను తిరగేసి, అడుగున ఒక పట్టీకి స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేసి, పక్క పట్టీని అలాగే వదిలి, రెండింటి మీదా క్లియర్ పూత వేశాడు. పై పూత పడితేనే అసలు రంగు తెలుస్తుంది మరి. స్టెయిన్ కింద టేకు చారలు మసకబారాయి. వట్టి పూత కింద తేనె రంగులో తేలాయి. స్టెయిన్ మానేశాం.

అతని చేతి పనితనం మాత్రం మామిడి చెక్క స్టూలు దగ్గర తెలిసింది. లేత చెక్క స్టెయిన్‌ను ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పీల్చి మచ్చలు కడుతుంది, కోసిన కొసలైతే మరీ నల్లబడతాయి. అందుకని ముందు పలచని లక్క పూత ఇచ్చి, ఆరాక తేలిగ్గా రుద్ది, అప్పుడు స్టెయిన్‌ను గుడ్డతో చెక్క చారల వెంట రాసి, మిగిలింది వెంటనే తుడిచేశాడు. ఇంటికొచ్చినవాళ్లు అది మామిడి అంటే నమ్మడం లేదు.

బల్లకు 120, 180, 220 నంబరు ఉప్పు కాగితాలు వరుసగా. సీలర్, అంటే అడుగు పూత, ఆరాక 320. అడ్డంగా ఒక్క గీత పడినా పూత కింద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికాను, దొరకలేదు. ఒక మూల దుమ్ము అంటుకుందని చూపిస్తే, గొణగకుండా ఆ పలకంతా రుద్ది మళ్లీ వేశాడు.

ఇక ఫిర్యాదులు. వానల్లో పని ఆపడం సబబే, తేమ గాలికి పూత పాలిపోతుంది. కానీ రాని రోజున ఒక ఫోను చేయవచ్చు కదా! రెండోది, పియు హార్డెనర్‌లో ఉండే ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు చేటు. ఇతను మూతికి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే చేశాడు. ఆవిరిని ఆపే ఫిల్టర్ మాస్కు కొనుక్కోమని గట్టిగానే చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు.

వానలు వెళ్లాక ఉయ్యాల బల్లకు లక్క పాలిష్ కూడా ఇతనితోనే చేయిస్తాను. ఈసారి బయానా ఇచ్చేటప్పుడే ఫోను సంగతి తేల్చుకుంటాను.