హ్యూగెల్ వైన్లతో కొన్నేళ్లు: మన భోజనం పక్కన నిలిచింది రీస్లింగే

తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో హ్యూగెల్ కుటుంబం చేసే వైన్లలో ఒక్కటే కొనాలంటే రీస్లింగ్ కొనండి, అదే పేరున్న ద్రాక్షతో చేసే తెల్ల వైన్. ఇండియన్ ఫుడ్ అనగానే వైన్ షాపుల్లో చాలామంది గెవుర్ట్స్‌ట్రమీనర్ అనే ఇంకో ద్రాక్ష వైన్ తీసి చేతిలో పెడతారు. కొన్నేళ్లుగా ఈ రెండింటినీ మా ఇంట్లో మన వంటలతోనే తాగుతూ వచ్చాం. నా లెక్క వేరు. గెవుర్ట్స్ మంచి వైనే. కాకపోతే దాన్ని తాగాల్సింది అన్నం తింటున్నప్పుడు కాదు, చేతులు కడుక్కున్నాక.

మేముండేది జర్మనీలో, ష్టుట్‌గార్ట్ పక్కన. శనివారం పొద్దున్నే కారెక్కితే రెండు గంటల పైచిలుకులో రైన్ నది దాటి రిక్‌విర్ చేరిపోతాం. హ్యూగెల్ వాళ్లు ఆ ఊళ్లో 1639 నుంచి ఇదే పనిలో ఉన్నారు. చెక్క దూలాలు బయటికి కనబడే రంగురంగుల ఇళ్లు, 1291లో కట్టిన డోల్డర్ బురుజు, రాళ్లు పరిచిన సన్నటి వీధులు. నాలుగడుగులేస్తే ఊరు అయిపోతుంది. డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్ రోజుల్లో మాత్రం వెళ్లకండి, కాలు పెట్టే సందుండదు. వాళ్ల సెల్లార్ ఊరి నడుమనే ఉంది. అందులో సేంట్ కాథరీన్ పేరుతో 1715 నాటి పెద్ద చెక్క పీపా ఉంది. 8,800 లీటర్లు పడుతుంది, ఇప్పటికీ వాడుతున్నారు. ఇంకా వాడకంలో ఉన్న పీపాల్లో అతి పాతదిగా అది గిన్నిస్ రికార్డుకూ ఎక్కింది.

రుచి చూసే చోట ఉమ్మడానికి ఒక పాత్ర పెడతారు. నలుగురి ముందు నోట్లోది ఉమ్మడం మనకు చచ్చేంత మొహమాటం. కానీ తిరిగి బండి నడపాల్సినవాళ్లకు గత్యంతరం లేదు. అటు ఫ్రాన్స్‌లోనూ ఇటు జర్మనీలోనూ పరిమితి దాదాపు ఒకటే, లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్. మా ఇంట్లో స్టీరింగ్ నాది కాబట్టి ఆ పాత్రతో నాకు బాగానే పరిచయం.

కొత్తగా వైన్ మొదలుపెట్టినవాళ్లకు అల్సాస్ కలిసొచ్చేది లేబుల్ దగ్గర. ఫ్రాన్స్‌లోనే వేరే ప్రాంతాలైన బోర్డో, బర్గండీ సీసాల మీద తోట పేరో ఊరి పేరో ఉంటుంది, లోపలున్నది ఏ ద్రాక్షో మనమే కనుక్కోవాలి. ఇక్కడ చాలావాటి మీద ద్రాక్ష పేరే రాస్తారు. రీస్లింగ్ అని రాస్తే లోపల ఉండాల్సింది రీస్లింగే. ఇక తీపి సంగతి. 2021 పంట నుంచి అల్సాస్ సీసాల మీద తీపి ఎంతో చెప్పడం తప్పనిసరి చేశారు. 'సెక్' అంటే తీపి లేనట్టే, 'డెమి సెక్' అంటే కొంచెం, 'మ్వాలే' అంటే ఇంకాస్త, 'దూ' అంటే పూర్తి తీపి. అంతకుముందు సీసాలతో, అతిథులు కూర్చున్నాక తెరిచేదాకా అది ఎలా ఉంటుందో అని టెన్షనే.

హ్యూగెల్ వైన్లకు నాణ్యతలో మెట్లున్నాయి. కింద జాంటి, దాని పైన క్లాసిక్, ఆ పైన సొంత తోటల పండుతో చేసే ఎస్టేట్, తర్వాత గ్రోసీ లావే. అన్నిటికన్నా పైన షోల్‌హామర్. ఊరి వెనక షోనెన్‌బుర్గ్ కొండ మీద ఒక చిన్న తోట ముక్కలో పండిన రీస్లింగ్ అది, తొలి పంట 2007ది. దాని ధరకు మా ఇంట్లో నెలకు సరిపడా కూరగాయలొస్తాయి. దాని గురించి నేను సమీక్ష రాయడం లేదు. నేను వాడేది క్లాసిక్, ఎస్టేట్. గ్రోసీ లావే పండగలకు.

ఇక రీస్లింగ్. క్లాసిక్ సీసాలో ఆల్కహాల్ 12 శాతం చుట్టుపక్కల ఉంటుంది. లేత రంగు. వాసన చూస్తే నిమ్మతొక్క, పచ్చి ఆపిల్. నోట్లో పోసుకోగానే పుల్లగా చురుక్కుమంటుంది. తీపి దాదాపు లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే ఈ పులుపు ఒక్కటే తెలుస్తుంది. ఓ పావుగంట బయట పెట్టి పోస్తే అప్పుడు పండు వాసన పైకొస్తుంది.

ఈ పులుపు దగ్గరే మన వంటకూ దీనికీ చుట్టరికం ఉంది. ద్రాక్షలో ప్రధానమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. చింతపండు పులుపులోనూ పెద్ద వాటా దానిదే. ఎస్టేట్ సీసా అడుగున ఒక్కోసారి గాజు పొడిలా మెరిసే పలుకులు కనిపిస్తాయి, కంగారుపడి పారబోయకండి. చల్లదనానికి ఆ ఆమ్లం తాలూకు లవణం గడ్డకట్టి కింద చేరుతుంది, అంతే. చింతపండు పులుసు పక్కన పులుపు తక్కువున్న వైన్ ఏది పెట్టినా చప్పబడిపోతుంది, నోట్లో నీళ్లు పోసుకున్నట్టే ఉంటుంది. రీస్లింగ్‌లో సొంత పులుపు గట్టిగా ఉంది కాబట్టి అది తట్టుకుంటుంది.

మా దగ్గర ఏషియన్ షాపులో రోహు ముక్కలు ఫ్రోజెన్‌గా దొరుకుతాయి. మా ఆవిడ వాటితో పులుసు పెట్టి రాత్రంతా ఉంచి, మర్నాడు మధ్యాహ్నం వడ్డిస్తుంది. మెంతుల చేదు, బెల్లం ముక్క, పైన తేలిన నూనె. ఒక ముద్ద తిని ఒక గుక్క తాగితే, నాలుక మీద నూనె జిడ్డు పోతుంది, మెంతి చేదు వెనక్కి తగ్గుతుంది, తర్వాతి ముద్దకు మళ్లీ పులుసే కొత్తగా తగులుతుంది. బంగడాల వేపుడుకు ఇంకా బాగుంటుంది. వేపుడు మీద నిమ్మచెక్క పిండుకుంటాం కదా, ఆ పని గ్లాసు చేసేస్తుంది. గోంగూర మటన్‌కు మాత్రం క్లాసిక్ చాలదు. గోంగూర పులుపు ముందు అది కూడా నీరసపడింది. ఎస్టేట్ కొంచెం నిలబడింది. కారం బాగా దట్టిస్తే ఏదీ నిలబడదు, ఆ రోజు మజ్జిగే.

ఆవకాయ సంగతి అడగకండి.

గెవుర్ట్స్‌ట్రమీనర్ దగ్గరికొస్తే, దీని ద్రాక్షపళ్లు చూడ్డానికి గులాబీ రంగులో ఉంటాయి, వైన్ మాత్రం తెల్లదే, కాస్త పసుపు ఎక్కువ. గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే గులాబీ, లిచీ వాసన వచ్చేస్తుంది. ఊరికే అనిపించడం కాదు, లిచీ పండుకు ఆ పరిమళం ఇచ్చే రోజ్ ఆక్సైడ్ అనే పదార్థమే ఇందులోనూ ఉంది. గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిది ఒక్కసారి వాసన చూసి, "ఇది తాగేదా, పూసుకునేదా బావా?" అన్నాడు. రెండో గ్లాసు అడిగిందీ వాడే.

మరి మసాలా వంటకు ఎందుకు కుదరదంటాను? మూడు కారణాలు. ఆల్కహాల్ ఇందులో ఎక్కువ, 13 శాతం దాటే ఉంటుంది. కారంతో కలిస్తే ఆల్కహాల్ ఆ మంటను పెంచుతుంది. పులుపు తక్కువ కాబట్టి నూనెను కోసేది ఏదీ ఉండదు. పైగా బిరియానీలో యాలకులు, లవంగం, పుదీనా ఇప్పటికే ఉన్నాయి, వాటి మీద గులాబీ కూడా వచ్చి కూర్చుంటే ముక్కుకు ఊపిరాడదు. గెవుర్ట్స్‌లోని తీపి కారాన్ని కాస్త తగ్గిస్తుందన్న మాట నిజమే, అందుకే అందరూ దీన్ని చెబుతారు. అల్లం, కొబ్బరిపాలు ఉన్న థాయ్ కూరలతో నేనూ ఒప్పుకుంటాను. ఉల్లి, టమాటా, ధనియాలు మగ్గిన మన ఇగురుతో మాత్రం కుదరలేదు.

అదే వైన్‌ను వాళ్ల ఊళ్లో తాగే పద్ధతిలో తాగితే మతి పోతుంది. అల్సాస్‌లో మున్స్‌టర్ అని ఒక చీజ్ ఉంది. దాని కంపు గురించి పరువుగా రాయడం కష్టం. మా ఫ్రిజ్‌లో రెండు డబ్బాల లోపల పెట్టినా తలుపు తీస్తే తెలిసిపోతుంది. పైన ఘాటైన గింజలు చల్లుకుని, రొట్టె మీద పూసుకుని, ఒక గుక్క గెవుర్ట్స్ తాగితే ఆ కంపంతా వెన్నలా మారిపోతుంది. ఉప్పు, కొవ్వు, తీపి మూడూ సర్దుకుంటాయి. ఒకదాని గొడవ ఒకటి ఆపుతుంది. శాకాహార స్నేహితులు కూడా దీనికి పడిపోయారు, వాసన దాటి ముందుకొచ్చినవాళ్లు.

అక్కడి భోజనం కూడా చెప్పాలి. పల్చటి పిండి మీద క్రీమ్, ఉల్లిపాయ, పంది మాంసం ముక్కలు వేసి కాల్చే ఫ్లామ్‌కూష్‌కు జాంటి సరిపోతుంది. జాంటి అంటే కలగూరే. రీస్లింగ్, మస్కట్, పీనో గ్రీ, గెవుర్ట్స్ లాంటి పేరున్న ద్రాక్షలు కనీసం సగం ఉండాలి, మిగతాది సిల్వనర్, పీనో బ్లాన్ లాంటివి. ధర తక్కువ, తప్పు పట్టేదేమీ ఉండదు, తలచుకునేదీ పెద్దగా ఉండదు. పదిమంది వచ్చిన రోజుకు నేను కొనేది అదే. మిర్చి బజ్జీలతో అందరూ తాగేశారు, సీసాలు ఎప్పుడు ఖాళీ అయ్యాయో తెలియలేదు. పుల్లబెట్టిన క్యాబేజీ, సాసేజ్‌లతో వండే షుక్రూట్‌కు మళ్లీ రీస్లింగే, కారణం మన పులుసుకు చెప్పిందే.

పీనో గ్రీ నాకు ఆలస్యంగా నచ్చింది. బరువుగా, గుండ్రంగా ఉంటుంది, కాస్త పొగ వాసన. గుత్తొంకాయలో నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద ఉంటుంది చూశారూ, దానికి ఇది ఒక్కటే జోడీ కుదిరింది. పుట్టగొడుగుల వేపుడుకు కూడా. పీనో న్వార్ ఒక్కటే ఎర్రది. నాటుకోడి దొరికితే దానితో తాగండి, లేకపోతే నాకు ప్రత్యేకంగా చెప్పడానికి లేదు.

దాచిపెట్టడం గురించి. జర్మనీలో అపార్ట్‌మెంట్లకు కింద సెల్లార్ గది ఇస్తారు, మాకది వైన్‌కే పనికొచ్చింది. ఎస్టేట్ రీస్లింగ్ కొన్ని సీసాలు అక్కడ మర్చిపోయినట్టు వదిలేశాం. ఏళ్లు గడిచాక తెరిస్తే నిమ్మ వాసన వెనక్కి వెళ్లి, తేనె, దాని పక్కన కిరోసిన్ వాసన ముందుకొచ్చాయి. నిజంగా కిరోసినే, రేషన్ షాపు డబ్బా మూత తీసినట్టు. పాడైందనుకునేరు, పాతబడ్డ రీస్లింగ్ లక్షణమే అది. నాకిష్టం. మా ఆవిడకు అస్సలు పడదు, ఆమె తాజా సీసాలే తాగుతుంది. కొనేముందు మీ ఇంట్లో ఎవరి ముక్కు ఎలాంటిదో చూసుకోండి.

ఆఖరుగా, తీగ మీద పండు బాగా మాగేదాకా ఆగి, ఆలస్యంగా కోసి చేసే 'వాందాంజ్ తార్దివ్'. ఈ పేరు ఎలాంటి వైన్‌కు పెట్టాలో తేల్చే నిబంధనలు 1984లో వచ్చాయి. వాటి వెనక పట్టుబట్టి పనిచేసింది ఈ కుటుంబంలోని జాన్ హ్యూగెల్. ఖరీదు బాగానే ఉంటుంది, కానీ చిన్న గ్లాసు చాలు. గెవుర్ట్స్‌తో చేసిన వాందాంజ్ తార్దివ్‌ను స్వీటుతో తాగకండి, రెండు తీపులూ పోట్లాడుకుంటాయి. జీడిపప్పు వేయించి ఉప్పు చల్లుకోండి, లేదా నీలి గీతల చీజ్ తెచ్చుకోండి.

ఇండియాకు తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. పన్ను లేకుండా ఒక్కొక్కరికి 2 లీటర్ల మద్యం అనుమతి, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చెక్ ఇన్ సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి పెడితే పగలవు. రెండిట్లో ఒకటి ఎస్టేట్ రీస్లింగ్, ఇంట్లో చేపలు వండే రోజుకు. రెండోది వాందాంజ్ తార్దివ్, వైన్ అంటే మొహం చిట్లించే మామయ్యకు.